తనది కాని అప్పుకు రెండు కిస్తులు

“గా అప్పు నాది గాదు సార్. కాని రెండు కిస్తులు నేనే కట్టిన.”

సికింద్రాబాద్‌లో ఒక బ్యాంకులో, లోన్లు చూసే ఆఫీసరు ఎదుట కూర్చుని నా చెల్లెలు అన్న మాట ఇది. ఆషాఢం మొదటి వారం. పక్క కుర్చీలో నేనున్నాను.

ఆ మాట అనేదాకా ఆఫీసరు మా వైపే ఉన్నాడు. కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, మాట మెత్తన. తెర మీద ఆమె అప్పుల చరిత్ర, అంటే క్రెడిట్ రిపోర్టు, తెరిచి మాకు చదివి వినిపించాడు. టూవీలర్ కోసం తీసుకున్న లోను ఒకటి ఆమె పేరు మీద ఉంది. చాలా నెలలు కట్టలేదు. ఇచ్చిన కంపెనీ ఇక రాదనుకుని దాన్ని మొండి బాకీల్లోకి తోసేసింది. అది ఉన్నంత కాలం ఆమె క్రెడిట్ స్కోరు లేవదు, స్కోరు లేవకపోతే లోను రాదు. “ఏదో పొరపాటై ఉంటుందమ్మా. బండి మీది కాదని ఒక కాగితం రాసివ్వండి, నేను పైకి పంపుతాను” అన్నాడాయన. నా చెల్లెలు జన్మలో బండి నడపలేదు. బండి వెనక కూర్చోవాలన్నా భయమే. నేను ఆ సంగతి చెప్పబోతున్నాను, అంతలో ఆమె కిస్తుల మాట అనేసింది.

ఆయన రాయడం ఆపాడు. “మీది కానప్పుడు ఎందుకు కట్టారమ్మా?”

“ఇజ్జత్ కోసం సార్.”

ఆయన నా వైపు తిరిగాడు. “సార్, మీరు పేపర్లో పనిచేసినవారు, మీకు తెలియనిది కాదు. పైవాళ్లకి నేనేమని రాయను? ఇజ్జత్ అని మా ఫారంలో కాలమ్ లేదండీ.”

ఎగతాళిగా అనలేదు. నిజంగానే దారి వెతుకుతున్నట్టు ఫారాన్ని రెండుసార్లు తిరగేశాడు. తర్వాత ఆదాయపు కాగితాలు, అద్దె రసీదులు, ఆమె దుకాణం ఉన్న ముల్గీ యజమాని రాసిచ్చిన ఉత్తరం అన్నీ వరసగా సర్ది, ఫైలును రెండు చేతులతో ఆమెకు తిరిగి ఇచ్చాడు. శుభలేఖ ఇచ్చినంత మర్యాదగా.

ఆ ఫైలు దేనికోసమో చెప్పాలి. నా చెల్లెలు నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. భర్త పోయి ఐదేళ్లయింది. మల్కాజ్‌గిరిలో రెండు గదుల ఇంట్లో అత్తతో ఉంటుంది. మెట్టుగూడలో, రైల్వే క్వార్టర్లకు పోయే దారిలో, ఒక ముల్గీలో పద్దెనిమిదేళ్లుగా జాకెట్లు కుడుతోంది. షట్టరు ఎత్తితే రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, నలుగురు కూర్చునే చోటు. రైల్వే ఉద్యోగుల భార్యలు, బడి టీచర్లు, ఆ చుట్టుపక్కల గల్లీల ఆడవాళ్లు వస్తారు. నడిచి వచ్చేవాళ్లే అందరూ. పెళ్లికి పోయే ముందురోజు హుక్కు బిగించమని, కూరగాయలకు పోతూ పోతూ ఒక కుట్టు విప్పమని వస్తారు. అలాంటి పనికి ఎవరూ బస్సెక్కి రారు. ఆ ముల్గీ ఉంటేనే ఆమెకు బేరం.

యజమాని రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఇల్లు ముల్గీకి వెనకే. కొడుకులిద్దరూ వాటాలు అడుగుతున్నారు, అందుకని ముందు గది ఒక్కటీ అమ్మేద్దామనుకున్నాడు. మొదట చెప్పింది ఆమెకే.

“ఆషాఢంల ఎట్లాగూ ఎవ్వరు రిజిస్ట్రేషన్ జెయ్యరు బిడ్డా. శ్రావణం పడంగనె జేస్తా. అందాక మందికి మాటియ్య. నువ్వు లోను జూస్కో.”

ఊళ్లో సగం మంది శుభకార్యాలు ఆపుకునే నెల ఆమెకు గడువుగా దొరికింది. చేతిలో ఉన్నదానికి, చిట్టీ ఎత్తగా వచ్చినదానికి బ్యాంకు మిగతా సగం ఇస్తే చాలు. పద్దెనిమిదేళ్లలో ఒక్క నెల కూడా అద్దె ఐదో తారీఖు దాటలేదు. ఆ మాట యజమాని స్వయంగా రాసిచ్చాడు. కానీ అద్దె కట్టడం ఆ రిపోర్టులోకి ఎక్కదు. ఎక్కేవి అప్పులే. ఆమె పేరు మీద ఎక్కిన ఒకే ఒక్క అప్పు ఆమెది కాదు.

బ్యాంకు మెట్లు దిగి స్టేషన్ వైపు నడుస్తున్నాం. నాకు కోపంగా ఉంది.

“కిస్తులు కట్టిన సంగతి నాకెందుకు చెప్పలేదే?”

“చెప్తే పేపర్ల రాస్తవని.”

“రిటైరై ఆరేళ్లాయె. ఎక్కడ రాస్తా?”

“నోటితోని రాస్తవ్. పొద్దుగూకేవరకు మల్కాజ్‌గిరి అంత తెల్వాలె.”

నవ్వలేదు నేను. ఆమె కూడా నవ్వలేదు. బస్‌స్టాపులో బల్ల మీద కూర్చున్నాక మొత్తం చెప్పింది.

ఫాల్గుణంలో, లగ్గాల గిరాకీ మీదున్న రోజు, ఒక నడివయసు మనిషి మెడలో గుర్తింపు కార్డు వేసుకుని ముల్గీకి వచ్చాడు. లోపల నలుగురు ఆడవాళ్లున్నారు. రికవరీ ఏజెంట్లు అరుస్తారని, తిడతారని మనం వింటాం. ఆయన అరవలేదు. చెప్పులు బయట విడిచి, గిరాకీలు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు.

“గట్టిగ మాట్లాడితే నేను సుత గట్టిగ మాట్లాడుదును అన్నా. మెల్లగ మాట్లాడిండు, గదే పరేషాన్ జేసింది. ‘బండి కిస్తులు పెండింగున్నయ్ అమ్మా. ఈడ మాట్లాడుకుందమా, ఇంటికి రావాల్నా?’ అన్నడు. టీచరమ్మ చేతులు పైకి లేపి నిలబడ్డది, నేను సంక కొలత తీస్తున్న. ఆమె చేతులు దించలే, నేను టేపు దించలే. అందరు నన్నే చూస్తున్నరు.”

“నాది కాదని చెప్పలేకపోయావా?”

“చెప్పిన. ఫోన్ల చూపిచ్చిండు. నా పేరు. నా పుట్టిన తారీఖు. మేము లగ్గమైన కొత్తల ఉన్న బోయిగూడ ఇంటి నంబరు. కింద నా ఫోన్ నంబరు. అన్నీ నావే అన్నా. బండొక్కటే నాది గాదు.”

“అయినా ఎందుకు కట్టావు?”

బస్సులు రెండు పోయాయి. అప్పుడు చెప్పింది అసలు సంగతి. లోను తీసుకున్న తారీఖు ఆమె భర్త బతికున్నప్పటిది. ఆయన ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేసేవాడు. నా ఎరుకలో ఒకరి దగ్గర చాయ్ తాగితే మర్నాడు తాను తాగించకుండా ఊరుకునేవాడు కాదు. ఆమె మాత్రం ఆ ఫోన్ తెర చూసి, ఆయనే తనకు తెలియకుండా తన పేరు మీద బండి తీసి ఎవరికో ఇచ్చాడనుకుంది. ఎవరికి? ఆ ప్రశ్న ఆమె ఇక ముందుకు తీసుకుపోలేదు, లేదా నాకు చెప్పలేదు. చనిపోయిన మనిషి పేరు నలుగురిలో పోకూడదని ఆ రోజు ఒక కిస్తు, వచ్చే నెల ఇంకొకటి కట్టింది. ఆ తర్వాత చేతకాక ఆపేసింది. నాకు చెప్పకపోవడానికి కారణం పేపరు కాదు. చెబితే ఆయన గురించి నేనేమనుకుంటానో అని.

మర్నాడు ఆమె రిపోర్టు మొత్తం తెప్పించి చదివాను. ఇలాంటి రిపోర్టులు ఇచ్చే కంపెనీలు మన దేశంలో నాలుగున్నాయి. ఏడాదికి ఒకసారి ఒక్కో కంపెనీ నుంచి మన రిపోర్టు మనం ఉచితంగా తెప్పించుకోవచ్చు. ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ముప్పై ఏళ్లు డెస్కు మీద కూర్చున్న అలవాటు కొద్దీ ఎర్ర పెన్ను పట్టుకుని ప్రూఫ్ దిద్దినట్టు చదివాను. చిరునామాలు మూడున్నాయి. బోయిగూడ ఇల్లు, మల్కాజ్‌గిరి ఇల్లు, ఇంకోటి బోయిగూడలోనే ఆమె ఎన్నడూ కాలుపెట్టని గల్లీ, ఇంటి నంబరు కూడా లేదు. ఫోన్ నంబర్లు రెండు, అందులో ఒకటే ఆమెది. బండి లోనుకు పాన్ నంబరు లేదు, ఓటరు కార్డు మీద ఇచ్చారు. ఆ కార్డు నంబరు ఆమె కార్డుతో కలవదు. ఇద్దరు మనుషుల కాగితాలు ఒక పొట్లంలో కట్టారని అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. తెలుసుకోవాలనుకునే మనిషి ఒకడు చదవాలి, అంతే.

మరి పుట్టిన తారీఖు ఎలా కలిసింది? ఇది మా తరం వాళ్లకు చెప్పక్కర్లేదు. మా నాన్న ఆమెను బడిలో వేసినప్పుడు తారీఖు అడిగితే, “వానలు బాగ పడ్డ ఏడు సార్” అన్నాడట. హెడ్మాస్టరు తలూపి, బడి తెరిచే నెల మొదటి తారీఖు వేసేశాడు. ఆమె క్లాసులో సగం మంది అదే రోజు పుట్టారు. నేనూ అదే రోజు పుట్టాను, ఏడాది వేరు. అన్నాచెల్లెళ్లం ఒకే తారీఖున పుట్టామంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో కాగితాలు చూసిన గుమస్తా పడీపడీ నవ్వాడు. వాళ్ల అక్కదీ అదేనట. మనుషులకు ఇది నవ్వులాట. ఒకే పేరు, ఒకే తారీఖు, ఒకే ఇంటి నంబరు కనిపిస్తే మిషన్‌కు మాత్రం ఇద్దరు ఆడవాళ్లు ఒక్కరైపోతారు. హెడ్మాస్టర్లు రాసిన తారీఖులు నిజమని నమ్మేది ఈ దేశంలో ఆ మిషన్లు మాత్రమే.

నా చెల్లెలి ముల్గీలో కొలతల నోట్‌బుక్ ఒకటి ఉంది. అందులో ఒకే పేరుగల ఆడవాళ్లు ఆరుగురున్నారు. ఒక పేరు పక్కన “వంతెన అవతల, టీచరు” అని, ఇంకో పేరు పక్కన “ఎడమ భుజం దిగి ఉంటది” అని, మరో పేరు పక్కన “కోపమెక్కువ” అని రాసుకుంది. ఒకరి జాకెట్టు ఇంకొకరి కొలతలకు కుట్టిన రోజు లేదు. ఏడాది దాటి వచ్చిన మనిషికి పాత కొలతలతో కత్తెర పెట్టదు, మళ్లీ టేపు పడుతుంది. పదో తరగతి తప్పిన మనిషి పాటించే పద్ధతి ఇది. కోట్ల మంది బతుకులు లోపల పెట్టుకున్న కంపెనీలకు ఇంతకంటే ఎక్కువేమీ అడగడం లేదు నేను.

ఫిర్యాదు పెట్టాం. రిపోర్టు కంపెనీ జవాబు త్వరగానే వచ్చింది. మేము రాసేవాళ్లం కాదు, లోనిచ్చిన కంపెనీ ఏది పంపితే అదే చూపిస్తాం, వాళ్లు ఒప్పుకుంటేనే మారుస్తాం అని దాని సారాంశం. లోనిచ్చిన కంపెనీకి ఫోన్ చేశాను. ఆడపిల్ల గొంతు, చాలా మర్యాద.

“సార్, కస్టమర్ రెండు పేమెంట్లు చేశారు కదా సార్.”

“ఆమె మీ కస్టమర్ కాదమ్మా. అదే నేను చెప్పేది.”

“కస్టమర్ కాకపోతే పేమెంట్ ఎలా చేస్తారు సార్?”

“మీ మనిషి దుకాణంలో కూర్చుంటే చేసింది.”

“అంటే మా మనిషి కరెక్ట్ అడ్రస్‌కే వచ్చారు కదా సార్.”

ఫోన్ పెట్టేశాను. ఆ అమ్మాయి తప్పు మాట ఒక్కటీ అనలేదు. వాళ్లకు అసలు బాకీదారు దొరకలేదు. ఆమె ఎక్కడుందోనని రిపోర్టు తెప్పించుకుని చూశారు. అప్పటికే కలగలిసిన రిపోర్టు వాళ్లకు నా చెల్లెలి నంబరు చూపించింది. మనిషిని పంపారు. భయపడి ఆమె కట్టింది. కట్టింది కాబట్టి బాకీ ఆమెదే అని ఇప్పుడు అదే రిపోర్టులో ధ్రువీకరిస్తున్నారు. రిపోర్టు తప్పు చెప్పింది, తన తప్పుకు తానే సాక్ష్యం పుట్టించుకుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను డెస్కులో ఉండగా, దొంగతనం కేసులో పట్టుబడ్డ ఒకతని పేరు, బస్తీ వేశాం. పేరు సరైనదే, బస్తీ సరైనదే. కానీ ఆ బస్తీలో ఆ పేరుతో ఇంకొకడున్నాడు, వడ్రంగి. మూడో రోజు ఆఫీసుకు వచ్చాడు. ఒప్పుకున్న రెండు పనులు పోయాయన్నాడు. లోపలి పేజీలో నాలుగు లైన్ల సవరణ వేస్తామన్నాను. “మొదటి పేజీల పెట్టిన్రు గద సార్, సవరణ సుత గాడనే పెట్టరాదూ?” అన్నాడు. పద్ధతి అలా లేదన్నాను. ఆ జవాబు నేను అప్పుడు ఎంత మర్యాదగా చెప్పానో ఈ ఫోన్ తర్వాత గుర్తుకొచ్చింది. ఒక్క తేడా ఉంది. మా పేపరు నాలుగు రోజులకు బజ్జీల పొట్లమయ్యేది. ఈ రిపోర్టు చినగదు, పాతబడదు. ఎవరు అడిగినా ఆ పూట అచ్చయినంత కొత్తగా బయటికి వస్తుంది. తప్పు మాత్రం మనిషి దగ్గరికి వచ్చి చెప్పదు. లోను అడిగిన రోజు, అంటే దిద్దుకోవడానికి వ్యవధి లేని రోజున, బ్యాంకు బల్ల ముందు బయటపడుతుంది.

వెనకటి బ్యాంకు మేనేజర్లే నయం అని నేననను. వాళ్లు మనిషి ముఖం చూసేవాళ్లు, కులం అడిగేవాళ్లు, ఎవరి తాలూకా అని ఆరా తీసేవాళ్లు. మా నాన్నను రెండు గంటలు బయట నిలబెట్టి పంపిన మేనేజరు నాకు గుర్తున్నాడు. ఈ స్కోరు వచ్చినప్పుడు అందరిలాగే నేనూ మంచిదనుకున్నాను. ముఖం చూడదు, ముడుపు అడగదు. కానీ ముఖం చూడని దానికి మనిషినైనా సరిగ్గా గుర్తుపట్టే బాధ్యత ఉండాలి. అది లేనప్పుడు మా నాన్నను నిలబెట్టినవాడికీ దీనికీ తేడా ఏమిటి? వాడి ఎదుట మా నాన్న కనీసం నోరు తెరిచి మాట్లాడగలిగాడు.

అసలు మనిషి దొరికితే పని తేలుతుందనుకున్నాను. బోయిగూడ పాత ఇంటికి వెళ్లాను. ఇంటివాళ్ల కోడలు గుర్తుపట్టి, “అవ్ సార్, మీ చెల్లె ఖాళీ చేసినంక పై పోర్షన్ల ఒకామె దిగింది. ఆమెదీ గదే పేరు. ముందున్న మీ చెల్లెను పెద్దామె, తర్వాత వచ్చినామెను చిన్నామె అని పిలుస్తుంటిమి” అంది. రెండు గల్లీల అవతల ఆ చిన్నామె దొరికింది. రిపోర్టులో నా చెల్లెలు కాలుపెట్టని చిరునామా అదే.

హాస్టల్లో వంట చేస్తుంది. గుమ్మంలో కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది. నేను చెప్పింది విని, కత్తిపీట పక్కకు జరిపింది.

“బండి మాదే సార్. మా ఆయన సామాన్లు ఏస్కపోయేటందుకు తీస్కున్నం. కాలు విరిగి మంచాన పడ్డడు, కిస్తులు ఆగినయ్. బండి గుంజుకపోయిన్రు. గుంజుకపోయినంక ఇంకేం బాకీ?”

“బండి అమ్మినా అప్పు తీరలేదంటారమ్మా వాళ్లు. మిగిలిందంతా మా చెల్లెలి పేరు మీద చూపిస్తున్నారు.”

“మరి ఆమెకేం సంబంధం?”

“ఏం లేదు. నీ పేరే ఆమె పేరు. అంతే.”

“రెండు కిస్తులు కట్టిందంటున్నరు. ఎందుకు కట్టింది పిచ్చిది?”

“వాళ్లాయన తీసుకున్నాడేమో అనుకుంది. ఆయన లేడిప్పుడు.”

ఆమె లోపలి వైపు, భర్త పడుకున్న గది వైపు చూసింది. “నేనైనా గట్లనే అనుకుంటుంటి” అంది మెల్లగా.

లోను తనదేనని ఒక కాగితం మీద సంతకం చేయమని అడిగాను.

“చేస్తె వాళ్లు నా ఇంటికి వస్తరా?”

అబద్ధం చెప్పవచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. “రావచ్చమ్మా” అన్నాను.

“ఆయన్ని అడిగి చెప్త సార్.”

మూడు రోజులాగి వెళితే తాళం. ఇంకో రెండు రోజులకు వెళితే, చేతికర్ర పట్టుకుని భర్త బయటికొచ్చాడు. “ఊరికి పోయింది. ఎప్పుడొస్తదో తెల్వదు” అన్నాడు. లోపల గిన్నెల చప్పుడవుతోంది. మళ్లీ వెళ్లలేదు నేను. తప్పుడు రిపోర్టు ఆమెకు ఆసరా అయింది. ఒక కుటుంబం మెడ నుంచి ఉచ్చు తప్పించి ఇంకొకరి మెడకు వేస్తే తప్ప దిద్దుబాటు జరగదన్నప్పుడు, ఆ పని చేయించేవాళ్లది తప్పు కాని, తలుపు వెనక గిన్నెలు కడుగుతున్న ఆమెది కాదు.

బోయిగూడ నుంచి తిన్నగా మెట్టుగూడ వెళ్లి ముల్గీలో కూర్చున్నాను. బోనాల గిరాకీ. గిరాకీలు పోయేదాకా ఆగి, బండి ఎవరిదో చెప్పాను.

నా చెల్లెలు మిషన్ ఆపలేదు. కుడుతున్న చేతి పట్టీ చివరి దాకా కుట్టి, దారం తెంపింది.

“నాలుగు నెలలాయె అన్నా, ఆయన ఫొటోకు పువ్వు పెట్టక. మా అత్త అడిగితే పూలు పిరమైనయ్ అని చెప్పిన.”

లోను రాదని అప్పటికే ఆమెకు దాదాపు తెలుసు. అయినా ఆ రోజు ఆ సంగతి ఎత్తలేదు. ఏ కంపెనీ సవరణ అయినా స్కోరు పెంచుతుందేమో కాని, ఆ నాలుగు నెలలు ఏ సవరణా తిరిగి ఇవ్వదు. ఒక తప్పుడు లైను ముల్గీలోకే కాక ఆమె కాపురంలోకి కూడా వచ్చి కూర్చుంది. స్టూలు మీద కూర్చున్న ఆ మనిషికి అది తెలియదు. తెలిసినా ఆయన ఫారంలో దానికి కూడా కాలమ్ ఉండదు.

ఓటరు కార్డు నకళ్లు, బోయిగూడ ఇంటివాళ్లు రాసిచ్చిన కాగితం, ఆమె భర్త పేరు మీద ఏ బండీ లేదని తెచ్చిన ఆధారం అన్నీ జతచేసి నాలుగు కంపెనీలకూ, లోనిచ్చిన కంపెనీకీ మళ్లీ రాశాం. ముప్పై రోజుల్లో తేల్చాలని నియమం ఉంది. దాటితే రోజుకింత చొప్పున పరిహారం ఇవ్వాలని కూడా ఉంది. ఆషాఢానికి ముప్పై రోజులే. ఆ లెక్కన మేము అప్పటికే ఓడిపోయాం.

శ్రావణం వచ్చింది. పెద్దాయన మొదటి శుక్రవారం ఆగాడు. రెండో శుక్రవారం కూడా ఆగాడు. ఆ తర్వాత ఒక పొద్దున ముల్గీ ముందుకొచ్చి నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

“కొడుకులు ఊకుంటలేరు బిడ్డా. సెల్‌ఫోన్ల దుకాణం పెడ్తమని ఒకాయన పూర పైసలు పట్కొని కూసున్నడు.”

“ఇంకొక్క నెల ఆగరాదూ, పెద్దనాయనా?”

“బ్యాంకోడే నిన్ను నమ్మకపాయె. నా కొడుకులు నన్ను నమ్ముతరా?”

పద్దెనిమిదేళ్లు పరిచయం ఉన్న మనిషి నోటి నుంచి ఆ మాట వినడం బ్యాంకులో వినడం కంటే కష్టంగా ఉందని తర్వాత నాతో అంది. ఒక లోను రాలేదన్న సంగతి ఒక గల్లీలో దాగదు. చీర అంచులు కుట్టించుకునే ఒకావిడ ముందుగా ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి అడిగింది. దుకాణం ఉంటుందో పోతుందో అని అడిగానంది, వేరే ఉద్దేశం లేదంది. ఉండకపోవచ్చు కూడా.

రెండు మిషన్లు, కటింగ్ బల్ల ట్రాలీ ఆటోలో మల్కాజ్‌గిరికి తెచ్చాం. బల్ల తలుపులో పట్టలేదు, కాళ్లు కోయించాం. ముందు గదిలో అత్త మంచం, రెండు మిషన్లు ఉన్నాయి. వాటి మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచే సందు. మెట్టుగూడ గిరాకీల్లో ఇప్పటికీ బస్సెక్కి వచ్చేవాళ్లు నలుగురు. టీచరమ్మ వాళ్లలో ఒకరు. మిగతా రోజుల్లో ఆమె ఒక పెద్ద దుకాణానికి ఫాల్స్ కుట్టి ఇస్తోంది, చీరకింత అని. సొంత గిరాకీ ఉన్న మనిషి ఇప్పుడు ఇంకొకరి గిరాకీకి కుడుతోంది.

దసరా ముందు లోనిచ్చిన కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. మీ ఆధారాలు పరిశీలించాం, అయితే ఖాతాలో మీ నంబరు నుంచి చెల్లింపులు ఉన్నందున మా రికార్డు సరైనదేనని భావిస్తున్నాం అని ఉంది. కింద సంతకం లేదు. కంప్యూటరు తయారుచేసిన ఉత్తరం కనుక సంతకం అక్కర్లేదని ఒక లైను ఉంది. దాని మీద, ఇలాంటి కంపెనీల పైన ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు రాశాం. ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చారు, అంతే.

ఇప్పుడామె మల్కాజ్‌గిరిలోనే ఒక చిన్న గది అద్దెకు చూసుకుంది. అడ్వాన్సుకు, ఒక కొత్త మిషన్‌కు కలిపి చిన్న లోను అడిగింది, అదే బ్యాంకులో. ఆ ఆఫీసరు బదిలీ కాలేదు. దరఖాస్తు తీసుకుని, “రిపోర్టు సరైందేమో చూసుకుని రండమ్మా, నేనే దగ్గరుండి చేయిస్తాను” అన్నాడు. నాలుగు కంపెనీల్లో ఒకటి ఆ బండి లోనును ఆమె పేరు నుంచి తీసేసింది. ఒకటి మార్పు లేదని రాసింది. ఇంకోటి పరిశీలనలో ఉందంటోంది, ఐదు నెలలుగా అదే మాట. ఆ బ్యాంకు రిపోర్టు తెప్పించుకునేది నాలుగో కంపెనీ నుంచి. అది ఇంతవరకు జవాబే ఇవ్వలేదు.